పార్కులూ కొండలూ ఒకే ట్రిప్పులో: హైదరాబాద్ నుంచి కొచ్చి, మున్నార్ దాకా కారులో వెళ్లొచ్చే పద్ధతి

మా ఇంట్లో పన్నెండేళ్ల బాబుకి రోలర్ కోస్టర్లు కావాలి, మా అమ్మకి కొండలు, చల్లగాలి కావాలి. ఏడేళ్ల పాపకి నీళ్లుంటే చాలు. అందరికీ కుదిరేలా రెండుసార్లు కారులో దక్షిణాది చుట్టి వచ్చాం. మొదటిసారి చేయని తప్పు లేదు, రెండోసారి హాయిగా గడిచింది. అప్పటినుంచి ఆఫీసులో, చుట్టాల్లో "ఆ ప్లాన్ కాస్త పంపవా" అని అడుగుతూనే ఉన్నారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు అంతా వరసగా రాసేస్తున్నాను.

రూటు ఇదీ: హైదరాబాద్, బెలూం గుహలు, గండికోట, బిడది (వండర్‌లా అనే రైడ్స్ పార్కు, బెంగళూరుది ఇక్కడే), మైసూరు, బందిపూర్ అడవి, ఊటీ, అతిరప్పిళ్లి జలపాతం, కొచ్చి (అక్కడి వండర్‌లా), మున్నార్, సేలం మీదుగా ఇల్లు. సుమారు 2,400 కిలోమీటర్లు, 14 రోజులు. ఊళ్లలో తిరిగేది అదనం.

1. అన్నిటికన్నా ముందు: పార్కు రోజున కారు కదలకూడదు

మొదటిసారి బిడది పార్కులో సాయంత్రం దాకా ఆడి, తడి బట్టలు డిక్కీలో పడేసి, "ఎలాగోలా రాత్రికి ఊటీ చేరిపోదాం" అని ఆరింటికి బయల్దేరాం. బందిపూర్ గేటు దగ్గరికి వెళ్లేసరికి తొమ్మిదీ పది. గేటు వేసేశారు. ఆ దారి రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారని నాకు తెలుసు, కానీ పది నిమిషాలేగా అనుకున్నాను. వెనక్కి గుండ్లుపేట వచ్చి దొరికిన గదిలో సర్దుకున్నాం. మర్నాడు ఊటీ ఎక్కే కల్హట్టి ఘాట్లో పదకొండో మలుపు దగ్గర పాప "నాన్నా, కారాపు" అంది. ఆపడానికి చోటు లేదు. మా ఆవిడ చేతిలో ఉన్న పల్లీల కవరు ఖాళీ చేసి దాని నోటికి పెట్టింది. పల్లీలు నా సీటు కిందకి వెళ్లిపోయాయి, ఇంకా అక్కడే ఉన్నాయేమో.

తప్పు ఘాట్‌ది కాదు, వరసది. రోజంతా తిరగలిలా తిప్పే రైడ్స్ ఎక్కిన చెవులకి, మెడకి, కడుపుకి మర్నాడే ముప్ఫై ఆరు హెయిర్‌పిన్ మలుపులు చూపించకూడదు. డ్రైవింగ్ చేసేవాడూ రైడ్స్ ఎక్కాడంటే ఇంకా ప్రమాదం. అందుకే ఈ మూడూ మారకుండా పెట్టుకోండి:

- పార్కు ముందు రాత్రి, పార్కు రాత్రి ఒకే గదిలో ఉండాలి. ఆ గది పార్కుకు అరగంట లోపు ఉండాలి.
- పార్కు మర్నాడు ఘాట్ రోడ్డు పెట్టుకోవద్దు. రెండు మూడు గంటల మైదానం దారి చాలు.
- రెండు పార్కుల మధ్య నాలుగైదు రోజులు కొండలో, అడవో ఉండాలి. లేకపోతే రెండో పార్కులో పిల్లలే "మళ్లీ ఇవేనా" అంటారు.

2. తేదీలు, వారాలు

బయల్దేరేది ఆదివారం పెట్టుకోండి. కింద రాసిన వరసలో వెళ్తే బిడది పార్కు మంగళవారం, కొచ్చి పార్కు సోమవారం పడతాయి. శని, ఆదివారాల్లో పార్కుకి వెళ్తే డబ్బు పెట్టి క్యూలో నిలబడ్డట్టే. ఊటీలో గురు, శుక్రవారాలుండి, శనివారం పొద్దున జనమంతా కొండెక్కుతుంటే మనం దిగిపోతాం. చివరి శనివారానికి ఇల్లు చేరి, ఆదివారం బట్టలు ఉతుక్కోవచ్చు.

నెల విషయానికొస్తే, బడికెళ్లే పిల్లలు లేనివాళ్లకి ఫిబ్రవరి మంచిది. ఎండ ముదరదు, వానలుండవు. ఒకటే లోటు: మున్నార్ దగ్గర ఎరవికుళం పార్కును వరయాడు మేకలు ఈనే కాలమని సాధారణంగా ఫిబ్రవరి, మార్చిలో మూసేస్తారు.

బడి పిల్లలుంటే దసరా సెలవులు మొదలవగానే బయల్దేరండి. కానీ ఆ రోజుల్లో మైసూరులో గదుల ధరలు చూస్తే కళ్లు తిరుగుతాయి. మైసూరులో రాత్రి మానేసి గుండ్లుపేటలోనో, ఆ చుట్టుపక్కలో ఉండండి. అక్టోబరు నుంచి తమిళనాడులో ఈశాన్య రుతుపవనాల వాన కూడా మొదలవుతుంది కాబట్టి ఒక రోజు చేతిలో ఉంచుకోండి.

మే నెల నేనైతే వద్దంటాను. గండికోటలో బండరాళ్లు పెనంలా కాలుతుంటాయి, ఊటీలో మనుషుల తలలు తప్ప ఏమీ కనపడవు. జూన్ నుంచి ఆగస్టు దాకా అతిరప్పిళ్లి నిండుగా దూకుతుంది, నిజమే. కానీ మున్నార్ దారిలో కొండచరియలు విరిగిపడేదీ అప్పుడే.

నవంబరు నుంచి జనవరి దాకా స్కూళ్ల విహారయాత్రల బస్సులు పార్కులకి వారం మధ్యలో కూడా వస్తాయి. ఆ నెలల్లో వెళ్తే మంగళవారమని ధీమా పడకండి.

3. రోజువారీ రూటు

1వ రోజు, ఆదివారం: హైదరాబాద్ నుంచి బెలూం మీదుగా గండికోట, దాదాపు 385 కి.మీ. ఉదయం 5కి బయటపడాలి. కర్నూలులో టిఫిను. అక్కడినుంచి ఓర్వకల్లు, బనగానపల్లె మీదుగా కొలిమిగుండ్ల వైపు వెళ్తే బెలూం. గుహలు 3 కిలోమీటర్ల పైన ఉన్నా, చూడనిచ్చేది ఒకటిన్నర కిలోమీటర్లే. గుహ అంటే చల్లగా ఉంటుందనుకుంటారు. లోపల ఉక్కపోత, పది నిమిషాల్లో చొక్కా తడిసిపోతుంది. నూలు బట్టలు, జారని బూట్లు, మనిషికో సీసా నీళ్లు. మోకాళ్ల నొప్పులవాళ్లు మొదటి పెద్ద హాలు చూసి వెనక్కి రావచ్చు, గుహ అడుగునున్న పాతాళగంగ దాకా దిగనక్కర్లేదు. ఒంటిగంటన్నరకి బయటపడితే భోజనం చేసి నాలుగున్నరకి గండికోట.

2వ రోజు: సూర్యోదయానికి పెన్నా లోయ అంచుకి వెళ్లండి. అక్కడ చాలాచోట్ల కంచె లేదు, చిన్న పిల్లల చెయ్యి వదలొద్దు. టిఫిను తర్వాత జమ్మలమడుగు, తాడిపత్రి, అనంతపురం మీదుగా 44వ నంబరు హైవే ఎక్కి బిడది. 300 కి.మీ. దాటుతుంది. బెంగళూరు ఊళ్లోంచి పోవద్దు. దొడ్డబళ్లాపుర మీదుగా తుమకూరు రోడ్డుకి వెళ్లి, అక్కడ నైస్ రోడ్డు (ఊరి బయటనుంచి పోయే టోల్ రోడ్డు) పట్టుకుని మైసూరు రోడ్డులో దిగండి. దూరం ఎక్కువే, కానీ ఊళ్లో పడే టెన్షన్ తప్పుతుంది.

3వ రోజు: బిడది పార్కు.

4వ రోజు: మైసూరు. ఎక్స్‌ప్రెస్‌వే మీద రెండు గంటలు కూడా పట్టదు. వేగ పరిమితి 100, కెమెరాలున్నాయి. మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం ప్యాలెస్ చుట్టుపక్కల నడక. అంతకుమించి పెట్టుకోవద్దు.

5వ రోజు: బందిపూర్, ముదుమలై మీదుగా ఊటీ, 125 కి.మీ. అంతే. కానీ పొద్దున ఆరున్నరకే బయల్దేరాలి, జంతువులు కనపడేది అప్పుడే.

6వ రోజు: కారుకి సెలవు. ఊటీ నుంచి కూనూరుకి చిన్న రైల్లో వెళ్లి రండి.

7వ రోజు: కూనూరు లేదా కోటగిరి మీదుగా మేట్టుపాళయం దిగి, కోయంబత్తూరు, పాలక్కాడ్, త్రిశూర్ దాటి చాలక్కుడి. దారిలో కుతిరాన్ సొరంగం వస్తుంది, పిల్లలకి ముందే చెప్పి ఉంచండి. ట్రిప్పులో కష్టమైన రోజుల్లో ఇదొకటి, ఏడెనిమిది గంటలు తీసుకుంటుంది.

8వ రోజు: పొద్దున్నే అతిరప్పిళ్లి. ఆదివారం కాబట్టి గేటు తీసే వేళకే ఉండాలి. కింద దాకా దిగే దారి ఏటవాలు, ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది. అరటిపళ్లు చేతిలో పట్టుకుని నడవకండి, కోతులు అడిగి తీసుకోవు. మధ్యాహ్నానికి కొచ్చి.

9వ రోజు: కొచ్చి పార్కు. ఇది ఊరి బయట పళ్లిక్కరలో ఉంది. ఫోర్ట్ కొచ్చిలో గది తీసుకుంటే పొద్దునే ట్రాఫిక్‌లో ఇరుక్కుంటారు. కాక్కనాడ్ వైపు తీసుకోండి.

10, 11 రోజులు: మున్నార్. ఇక్కడ నా నియమం నేనే కొంచెం తప్పాను, పార్కు మర్నాడు ఘాట్ వచ్చింది. అందుకే ఆ రోజు పదింటి దాకా నిద్రపోయి, తేలికగా తిని బయల్దేరాలి. 130 కి.మీ.కి నాలుగు గంటలు, నేర్యమంగళం దాటాక గంటకోసారి ఆగుతూ. ఒక రోజు అదనంగా ఉంటే కొచ్చిలోనే గడపండి.

12వ రోజు: మరయూర్, చిన్నార్ అడవి, ఉడుమల్పేట మీదుగా సేలం లేదా కృష్ణగిరి. చిన్నార్ ఏనుగుల దారి, పగలే దాటేయాలి. 13న కర్నూలు, 14న ఇల్లు. కృష్ణగిరి నుంచి ఒక్కరోజులో హైదరాబాద్ వచ్చేయగలను అనే మగధీరులు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. 650 కిలోమీటర్లు, అదీ రెండు వారాల అలసట మీద. వద్దు.

4. బుకింగుల వరస

చాలామంది ముందు హోటళ్లు బుక్ చేసి, తర్వాత మిగతావాటిని వాటికి అతికించాలని చూస్తారు. తిరగేసి చేయండి.

మొదట పార్కుల తేదీలు ఖాయం చేసుకుని, ఆ రోజు పార్కు ఎన్నింటికి తీసి ఎన్నింటికి మూస్తారో సైట్లో చూడండి. రెండోది ఊటీ చిన్న రైలు, ఎందుకంటే దాని సీట్లు తొందరగా అయిపోతాయి. మూడోది గదులు, పార్కు దగ్గరవి, గండికోటది ముందు. గండికోటలో టూరిజం వాళ్ల హరిత హోటల్, కొన్ని టెంట్లు తప్ప పెద్దగా ఎంపిక లేదు. దొరక్కపోతే జమ్మలమడుగులో ఉండండి.

నాలుగోది నీలగిరి ఈ-పాస్. మద్రాస్ హైకోర్టు ఆదేశంతో 2024 మే నుంచి ఊటీ, కొడైకెనాల్‌కి వెళ్లే బయటి బండ్లకి ఇది తప్పనిసరి చేశారు. తమిళనాడు ప్రభుత్వ సైట్లో బండి నంబరు, తేదీలు, ఎంతమందో ఇస్తే వస్తుంది. రద్దీ కాలంలో రోజుకి ఇన్ని బండ్లే అని పరిమితి కూడా పెడుతున్నారు కాబట్టి, గది బుక్ చేసిన రోజే పాస్ తీసుకోండి. ఫోన్లో ఉంచుకోవడంతో పాటు ఒక కాగితం ప్రింటు తీయండి. చెక్‌పోస్టు దగ్గర సిగ్నల్ ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వరు.

పార్కు టిక్కెట్టు కొనేముందు పిల్లల ఎత్తు గోడకి నిలబెట్టి కొలవండి, బూట్లు లేకుండా. వండర్‌లాలో వయసు కాదు, ఎత్తే లెక్క: 85 సెంటీమీటర్ల లోపు పిల్లలకి టిక్కెట్టు అక్కర్లేదు, 140 దాకా పిల్లల టిక్కెట్టు. పెద్ద రైడ్స్‌కీ 140 అడుగుతారు. 138 ఉన్న పిల్లాడు ఎనిమిది వందల కిలోమీటర్లు వచ్చి రోలర్ కోస్టర్ గేటు దగ్గర వెనక్కి తిరగడం చూశాను. ఇంట్లో తెలిస్తే ఏడుపు ఇంట్లోనే అయిపోతుంది.

ఇంకో మాట. హైదరాబాద్ వాళ్లు రావిర్యాల వండర్‌లాని ఈ ట్రిప్పులో కలపకండి. నెల ముందు ఒకసారి వెళ్లి రండి, రిహార్సల్‌లా. ఎవరికి ఏ రైడ్ పడుతుందో, ఎవరికి కళ్లు తిరుగుతాయో అక్కడే తేలిపోతుంది.

5. బండి సిద్ధం చేయడం

బయల్దేరే ముందు రోజు సర్వీసింగ్‌కి ఇవ్వకండి. పది రోజుల ముందు ఇచ్చి, ఆ తర్వాత ఒక వంద కిలోమీటర్లు తిప్పి చూడండి. సర్వీసింగ్‌లో వదులైన గొట్టం నాకు కర్నూలు దగ్గర తెలిసొచ్చింది.

- టైర్ల పక్కన నాలుగంకెల సంఖ్య ఉంటుంది. 2321 అంటే 2021లో 23వ వారంలో తయారైనది. ఆరేళ్లు దాటితే గాట్లు బాగున్నా మార్చేయండి.
- డ్రైవర్ డోరు పక్కనున్న స్టిక్కర్‌లో ఫుల్ లోడ్‌కి ఎంత గాలో రాసి ఉంటుంది. అయిదుగురూ సామానూ ఉంటే అదే కొట్టించాలి, టైరు చల్లగా ఉన్నప్పుడు.
- స్టెప్నీలో గాలి. దీన్ని అందరూ మర్చిపోతారు.
- బ్రేక్ ప్యాడ్లు, బ్రేక్ ఆయిల్, కూలెంట్, వైపర్ బ్లేడ్లు.
- ఆర్సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్, లైసెన్సు డిజీలాకర్‌లో. చేతిలో జిరాక్సులు.

ఫాస్టాగ్ ఏడాది పాస్ 2025 ఆగస్టు 15న 3,000 రూపాయలతో మొదలైంది. సొంత కారుకి 200 సార్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. తరచూ తిరిగేవాళ్లకి బాగా కలిసొస్తుంది. జాతీయ రహదారుల టోళ్లకే అది పనికొస్తుంది, నైస్ రోడ్డు లాంటి వాటికి వేరే కట్టాలి. జాతీయ రహదారి మీద బండి ఆగిపోతే 1033కి ఫోన్ చేయండి.

పెట్రోలు లెక్క: లీటరుకి 15 కి.మీ. ఇచ్చే కారుకి, ఊళ్లలో తిరుగుడు కలిపి 2,600 కి.మీ.కి దాదాపు 175 లీటర్లు. మన రెండు రాష్ట్రాల కన్నా కర్ణాటకలో, తమిళనాడులో లీటరుకి కొన్ని రూపాయలు తక్కువ. హైదరాబాద్‌లో ట్యాంకు నింపుకుని, ఆంధ్రాలో అవసరమైనంతే కొట్టించి, బాగేపల్లి దాటాక మళ్లీ నింపుకోండి. ఆదా అయింది పిల్లల ఐస్‌క్రీములకి సరిపోతుంది.

6. సామాను

సూట్‌కేసులు కాదు, మెత్తటి బ్యాగులు. పార్కు బ్యాగు ఒకటి విడిగా కట్టి డిక్కీలో పైన పెట్టండి. అందులో:

- నైలాన్ లేదా సింథటిక్ బట్టలు (నీళ్ల రైడ్స్‌కి నూలు బట్టలతో, చీరతో, జీన్స్‌తో రానివ్వరు)
- తువ్వాళ్లు, రబ్బరు చెప్పులు, పొడి బట్టలు ఒక జత
- కళ్లద్దాలకి వెనకనుంచి కట్టుకునే తాడు
- తడి బట్టలకి మందపాటి కవర్లు

కొండ బ్యాగులో స్వెటర్లు, వాంతుల మాత్రలు (డాక్టర్ని అడిగి), నిమ్మకాయలు, స్టీలు సీసాలు. స్టీలు సీసాలు ఊరికే చెప్పలేదు. నీలగిరి జిల్లాలో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ నిషేధం. కక్కనల్ల చెక్‌పోస్టులో గార్డు డిక్కీ తెరిపించి మా లీటరు వాటర్ బాటిళ్లు రెండూ బయట పెట్టాడు. పారబోయడానికి మనసొప్పక అమ్మ ఒకటి, నేనొకటి అక్కడే నిలబడి తాగేశాం. తర్వాత ఊటీ చేరేదాకా ఎన్నిసార్లు ఆగామో అడక్కండి.

7. పార్కు రోజు

వండర్‌లాలు సాధారణంగా 11కి తీస్తారు. పదిన్నరకల్లా గేటు దగ్గరుండండి. టిఫిను తొమ్మిదింటికి, ఇడ్లీలాంటిది. పూరీలు తిని తలకిందులయ్యే రైడ్ ఎక్కితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

లోపలికి వెళ్లగానే జనం మొదట కనపడిన రైడ్ దగ్గర ఆగిపోతారు. మీరు ఆగకండి. మ్యాపులో అన్నిటికన్నా దూరంగా ఉన్న పెద్ద రైడ్‌కి నడవండి. మొదటి గంటన్నరలో పెద్దవి మూడు నాలుగు ముగించేయొచ్చు. మధ్యాహ్నం అదే రైడ్‌కి ముప్పావు గంట క్యూ ఉంటుంది.

భోజనం పన్నెండున్నరకే చేసేయండి, ఒంటిగంటకి క్యాంటీన్ నిండిపోతుంది. ఆ తర్వాత గంటసేపు నెమ్మదిగా తిరిగేవి. రెండు నుంచి నాలుగున్నర దాకా నీళ్లు. చివరి గంట నచ్చినవాటికి రెండోసారి.

తప్పిపోతే కలుసుకునే చోటు ముందే చూపించండి. పెద్దవాళ్లకి నీడలో కూర్చునే చోటు కూడా ముందే చూసిపెట్టండి. మా అమ్మ బెంచీ మీద కూర్చుని మా ఫోన్లు, అద్దాలు, చెప్పులు అన్నీ కాపలా కాసింది. సాయంత్రానికి "ఇంతసేపూ నేను చూసింది మీ చెప్పులే" అంది. రెండోసారి లాకర్ తీసుకున్నాం.

డ్రైవింగ్ చేసేవాళ్లు మెడని విసిరే రైడ్స్ ఒకటి రెండుతో ఆపేయండి.

8. అడవిలో, ఘాట్‌లో

బందిపూర్, ముదుమలైలో కారు ఆపొద్దు, దిగొద్దు, హారన్ కొట్టొద్దు, ఏమీ తినిపించొద్దు. ఏనుగు రోడ్డు మీదుంటే దూరంగా ఆగి ఇంజన్ ఆన్‌లో ఉంచి ఎదురుచూడండి. ముందున్న లారీవాడు కదిలితే కదలండి, వాళ్లకి అనుభవం ఉంటుంది.

తెప్పకాడు దగ్గర దారి రెండుగా చీలుతుంది. మసినగుడి మీదుగా కల్హట్టి ఘాట్ దగ్గర దారి, కానీ నిటారు. గూడలూరు దారి చుట్టు, తేలిక. ఘాట్ కొత్తయితే గూడలూరే. కల్హట్టిలో బయటి బండ్లని పైకి మాత్రమే పోనిస్తారు, దిగనివ్వరు. దిగేటప్పుడు బ్రేకులు కాలి చాలా ప్రమాదాలయ్యాయి మరి.

ఎక్కేటప్పుడు: ఏసీ ఆపి, మలుపుకి ముందే గేరు తగ్గించాలి, మలుపులో కాదు.

దిగేటప్పుడు: ఎక్కిన గేరులోనే దిగాలి, అంటే సెకండ్ లేదా థర్డ్. ఆటోమేటిక్ అయితే ఎల్ లేదా మాన్యువల్ మోడ్. బ్రేకు మీద కాలు అట్టే పెట్టి దిగితే పది కిలోమీటర్లలో కాలిన వాసన వస్తుంది. వస్తే వెడల్పాటి చోట ఆపి అరగంట వదిలేయండి. చక్రాల మీద నీళ్లు పోయకండి. న్యూట్రల్‌లో దింపి పెట్రోలు మిగల్చాలనే తెలివి అసలొద్దు.

ఎదురుగా బండి ఎక్కుతుంటే దారి వాళ్లదే. దిగేవాళ్లు ఆగాలి.

వాంతులు వచ్చేవాళ్లని ముందు సీట్లో కూర్చోబెట్టి, ఫోను లాగేసుకోండి.

9. తప్పులు, మరమ్మతులు

పార్కు రోజున వాన పడింది: మెరుపులుంటే రైడ్స్ ఆపేస్తారు, టిక్కెట్టు డబ్బు రాదు. వాతావరణం ముందురోజు చూసి, పార్కుని మర్నాటికి జరపగలిగే టిక్కెట్టేనా అని కొనేటప్పుడే చదవండి.

ఆరింటికి చేరాల్సింది ఎనిమిదైంది: ఘాట్ మొదలుకాకముందే అయితే కింద ఊళ్లోనే గది తీసుకోండి. కొండ మీద హోటల్ డబ్బు పోతే పోయింది.

ఒకరికి జ్వరం: కొండల రోజు ఒకటి కోసేయండి, పార్కుల మధ్య దూరం మాత్రం తగ్గించకండి. ఈ రూటులో అందుకు పనికొచ్చేది మున్నార్ రెండో రోజు.

హోటల్‌వాడు పార్కింగ్ ఉందన్నాడు, లేదు: ఒకచోట మాకిచ్చిన పార్కింగ్ పక్కింటి వాళ్ల గేటు ముందు జాగా. రాత్రి పదకొండింటికి కారు తీయాల్సొచ్చింది. బుక్ చేశాక ఫోన్ చేసి "కారు లోపల పడుతుందా, వీధిలోనా" అని అడగండి.

10. వారం రోజులే ఉంటే

కేరళ మొత్తం కోసేయండి. మొదటి ఆరు రోజులు అలాగే ఉంచి, ఏడో రోజు మేట్టుపాళయం దిగండి. కొండ కిందే బ్లాక్ థండర్ వాటర్ పార్కు ఉంది. ఆ సాయంత్రం అక్కడే గది తీసుకుని, ఎనిమిదో రోజు పార్కు, తొమ్మిదో రోజు సేలం మీదుగా కృష్ణగిరి, ఆ తర్వాత రెండు రోజుల్లో ఇల్లు. లెక్కేస్తే పదకొండు రోజులొచ్చింది కదా? వారంలో కావాలంటే బిడది పార్కు, మైసూరు, ఒక రాత్రి ఊటీ చూసుకుని, వచ్చిన దారినే గూడలూరు మీదుగా వెనక్కి తిరగండి. వెళ్లేటప్పుడు గండికోట, వచ్చేటప్పుడు లేపాక్షి. బాబు మూతి ముడుచుకుంటాడు, రావిర్యాల తీసుకెళ్తానని చెప్పండి.